గంగ దర్వాజకు మన్ను

గంగకోట,
19 జనవరి 1958

తమ్ముడు కొండల్‌కు,

మీ అక్క అనసూర్య దీవెనలు. నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప తెలుసుకునే దారి నువ్వు ఉంచలేదు కదా! నిర్మల్‌లో పాత కట్టడాల ఆఫీసులో నౌకరి దొరికిందని కార్డు రాశావు. ఆ తర్వాత అక్క ఇల్లు గోదావరికి ఏ ఒడ్డున ఉందో మరిచిపోయావు. మా అత్త బుచ్చవ్వ ఊరుకుంటుందా? "గా రాళ్లనే సూసుకుంట కూసుంటే నీ తమ్మునికి పిల్లనెవ్వలిస్తరే?" అంటుంది. ఈ ప్రశ్నకు నువ్వే జవాబు రాయి, నేను చదివి వినిపిస్తాను.

ఇక అసలు సంగతి. మా ఊరి కోట గోడ రాళ్లు పోతున్నాయి. ఎవరో గుత్తేదారు బండ్లు కట్టుకొచ్చి, గంగ వైపు, అదే గోదావరి వైపు, గోడ మీది రాళ్లు ఊడదీయించి తోలుకుపోతున్నాడు. మీ బావ పోయి అడ్డం నిలబడితే వాడు నవ్వాడట. పటేల్ హనుమండ్లు దగ్గరికి పోతే, "గది నీ సొమ్మా, నా సొమ్మా? కట్టిన రాజులు పోయిండ్రు, ఏలిన నిజాం పోయిండు. ఎవ్వలని అడుగుతం?" అన్నాడట.

నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఎండకాలమే. మామిడికాయ తొక్కుతో అన్నం తిని, గోడ నీడలో పడుకుని పోయేవాడివి. అందుకే నీకు అది ఒట్టి పాత గోడలా కనబడుతుంది. వానకాలం వచ్చి చూడు. గోడకు అవతల గంగ, ఇవతల మా సాలెవాడ. నడుమ ఉన్న సందు ఒక్కటే, గంగ దర్వాజ. దాని వెనక మొదటి ఇల్లు మాది. మిరుగం కార్తె రాగానే ఊరంతా కలిసి ఆ దర్వాజ మూస్తాం. రాతిలో ఉన్న గాడుల్లోకి పలకలు రెండు వరుసలు దించి, నడుమ చెరువు మట్టి పోసి తొక్కుతాం. మొదటి గంప మా ఇంటిది. మా మామ పోసేవాడు, ఇప్పుడు మీ బావ పోస్తున్నాడు. దీపావళి దాటాక ఆ మన్ను తవ్వి చేన్లకు తోలుకుంటారు.

గోడ కూలితే దర్వాజ మూసి ఏం లాభం? పాత రాళ్లను కాపాడే ఆఫీసులోనే ఉన్నావు కదా, మా రాళ్లను కూడా జర చూడు.

బావ అడిగినట్టు రాయమన్నాడు. మగ్గం గుంటలోంచి లేవకుండానే అడిగాడు.

మీ అక్క,
అనసూర్య


నిర్మల్,
3 మార్చి 1958

అక్కకు,

నమస్కారం. బావకు, బుచ్చవ్వ అత్తకు కూడా. నీ తిట్లన్నీ అందాయి. పోయిన వారం మా సాబ్‌తో కలిసి మీ ఊరు వచ్చినప్పుడు నువ్వు పెట్టిన జొన్నరొట్టె కూడా సరిగా తినలేకపోయాను. సాబ్ జీపులో కూర్చుంటే నేను పీట మీద ఎట్లా కూర్చుంటాను?

అక్కా, మంచి కబురు. సాబ్ మీ దర్వాజను చూసి మురిసిపోయాడు. దారి పొడుగునా అదే మాట. "ఇంత గట్టి పని ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు కొండల్, ఇన్నాళ్లు ఎవరూ ఎందుకు రాయలేదు?" అన్నాడు. ప్రతిపాదన నా చేతే రాయించాడు. నేను ఈ ఆఫీసులో చేరాక నా అంతట నేను రాసిన మొదటి కాగితం అది. మీ ఊరి కోట ఇక సర్కారు కాపాడే కట్టడం. త్వరలో బోర్డు పెడతారు, కావలివాణ్ణి పెడతారు. ఇక ఒక్క రాయి కదలదు.

ఎప్పుడో రాజుల కాలంలో కట్టిన దర్వాజ, మా అక్క ఇంటి ముందరిది, నా చేతి రాతతో నిలబడుతుందంటే ఎంత సంతోషంగా ఉందో నీకు రాయలేను. మన బాపు ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

పిల్ల సంగతి అత్తకు తర్వాత చెబుతానని చెప్పు.

నీ తమ్ముడు,
కొండల్


గంగకోట,
2 మే 1958

తమ్మీ,

వెయ్యేళ్లు బతుకు. బోర్డు వచ్చింది. నీలం రంగు మీద తెల్లని అక్షరాలు. గుత్తేదారు బండ్లు దాన్ని చూసి ఊరి బయటి నుంచే మళ్లిపోయాయి. మీ బావ ఆ రోజు మగ్గం దిగి, బోర్డు పాతిన కూలోళ్లకు కడుపునిండా మజ్జిగ పోయించాడు. మా వాడలో నా విలువ పెరిగింది. చేదబావి దగ్గర నీళ్లకు నాకే ముందు దారి ఇస్తున్నారంటే చూడు!

కావలికి దేవదాస్ అని ఒకాయన వచ్చాడు. మంచివాడే, ఒంటరివాడు. అత్త అప్పుడప్పుడు ఇంత పులుసు పంపిస్తుంది. దర్వాజ చుట్టూ ముళ్ల తీగ కట్టారు. దాని పక్క గదిలో పెట్టుకున్న మా పలకలు చెత్త అని బయట పడేస్తే, బావ ఒక్కటొక్కటే మోసుకొచ్చి ఇంట్లో మంచం కింద పెట్టాడు.

ఒక్కటే అనుమానం. బోర్డు మీద ఏముందో నేను బావకు చదివి చెప్పాను. ఈ కట్టడాన్ని ఎవరూ కూల్చరాదు, తవ్వరాదు, పూడ్చరాదు అని ఉంది. కూల్చరాదన్నంత వరకు బాగుంది. పూడ్చరాదంటే మరి మిరుగానికి మేమెట్లా? దేవదాస్‌ను అడిగితే, "నాకేం ఎరుక అవ్వా, సాబ్ ఏది చెప్తే గది" అన్నాడు. బావకు అప్పటినుంచి అన్నం సయించడం లేదు. "మీ తమ్మున్ని అడుగు, జల్ది అడుగు" అని నా ప్రాణం తీస్తున్నాడు.

అందుకే ఈ ఉత్తరం. చదివిన రోజే జవాబు రాయి.

అక్క


నిర్మల్,
14 మే 1958

అక్కా,

బావను ఫికర్ చేయవద్దని చెప్పు. దీనికి దారి ఉంది.

ఊరి తరఫున ఒక దరఖాస్తు పెట్టాలి. ఎట్లా పెట్టాలన్నదే ముఖ్యం. వరద అని రాస్తే మా సాబ్ ఆ కాగితాన్ని చెరువు గట్లు, వరద కట్టలు చూసే కట్టల ఆఫీసుకు పంపేస్తాడు. అక్కడికి పోయిన కాగితం తిరిగి రాగా నేను చూడలేదు. కానీ సాబ్‌కు ఆచారాలంటే గౌరవం. ఏ గుడికి పోయినా చెప్పులు దూరంగా విడిచి నడుస్తాడు. అందుకని ఆచారమని రాద్దాం. మొదటి గంప మీ ఇంటిదన్నావు కదా, అది నాకు బాగా గుర్తుంది. "మృగశిర కార్తెలో గంగమ్మ తల్లికి దర్వాజ వద్ద మన్ను సమర్పించడం మా తరతరాల ఆచారం, దానికి అనుమతి ఇప్పించగలరు" అని నేనే ముసాయిదా రాసి ఇందులో పెట్టాను. పటేల్‌తో, వాడలోని పెద్దలతో సంతకాలు, వేలిముద్రలు పెట్టించి పంపు. అనుమతి వచ్చిందంటే ఎన్ని గంపలు పోశారో ఎవరు లెక్కపెడతారు?

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. కొయ్యబొమ్మల దుకాణంలో అత్తకు ఒక చిలుకను కొన్నాను. వచ్చినప్పుడు తెస్తాను.

కొండల్


గంగకోట,
20 జూన్ 1958

కొండల్‌కు,

నీ హుకుం వచ్చింది. నీదే అంటాను, కోపం తెచ్చుకున్నా సరే.

పటేల్ చావడి ముందు ఊరందరినీ కూర్చోబెట్టి చదివాడు. దర్వాజ గడప ముందు ఒక గంప మన్ను పెట్టి పూజ చేసుకోవచ్చట. పొద్దు గూకకముందే ఆ మన్ను తీసి శుభ్రం చేయాలట. గోడకు, గాడులకు చేయి తగలరాదట.

మీ బావ లేచి, "గిదేం పర్మిషన్? ఒక్క గంపతోని గంగ ఆగుతదా? వరద ఆపనీకి పోస్తున్నమని మళ్ల రాద్దాం" అన్నాడు. దానికి పటేల్, "పూజ అని మనమే రాసిస్తిమి, అందరం వేళ్లు ఒత్తితిమి. గిప్పుడు పూజ కాదు, వరద అంటే సర్కారుకు అబద్ధం చెప్పినట్టు కాదా? మనల్ని బొక్కలో ఏస్తరు" అన్నాడు. అందరూ అదే నిజమన్నారు. చివరికి ఒక్క గంప పెట్టి, పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి వచ్చాం. పొద్దు గూకకముందే దేవదాస్ ఆ మన్ను ఎత్తి పోశాడు. అత్త దాన్ని చూసి ఏడ్చింది. "నేను కాపురానికొచ్చినసంది గంగ దర్వాజ తెరిసి ఉంచిన వానకాలం సూడలే" అంది.

బావ ఊరుకోలేదు. మర్నాడు మా పక్కింటి భూమన్నను తోడు తీసుకుని పలకలు మోసుకుపోయాడు. దేవదాస్ వద్దని బతిమిలాడి, చివరికి పైకి రాసి పంపాడు. ఠాణా నుంచి మనుషులొచ్చారు. మీ బావను నడిబజారులోంచి నడిపించుకుపోయారు. మళ్లీ దర్వాజ జోలికి పోనని రాయించుకుని వేలిముద్ర వేయించుకుని విడిచిపెట్టారు. "మా బామ్మర్ది గా ఆఫీసులనే ఉంటడు" అని మీ బావ చెబితే, అక్కడి జమేదార్ కాగితం తిప్పి చూపించాడట. ఫిర్యాదు మీద ఉన్నది నీ సంతకమేనట.

కొండల్, అది నిజమా? నువ్వు సంతకం పెట్టి మీ బావను పట్టించావా?

అనసూర్య


నిర్మల్,
1 జూలై 1958

అక్కా,

ఆ సంతకం నాదే. కానీ నువ్వు అనుకున్నట్టు కాదు. మా ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితమూ పైకి పోవాలంటే దాని మీద నేను సంతకం పెట్టాలి. దేవదాస్ రాసింది కూడా ఒక పెద్ద కట్టలో కలిసి వచ్చింది. అందులో బావ పేరు ఉందని నేను చూడనే లేదు. చూసి ఉంటే చించి పారేసేవాణ్ణి. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇదే నిజం.

నిన్న సాబ్ ముందు నిలబడి అసలు సంగతి చెప్పాను. అది పూజ కాదు, ఊరికి కట్ట అని. సాబ్ నా వైపు అదోలా చూసి, "మరి పూజ అని ఎందుకు రాయించావు?" అన్నాడు. వరద మా పని కాదు, కట్టల ఆఫీసును అడగమన్నాడు. పోయాను. అక్కడి గుమాస్తా నన్ను కూర్చోమని కూడా అనలేదు. గోడ మీ ఆఫీసు చేతికి పోయింది కాబట్టి అది కట్ట కాదు, కట్టడం అన్నాడు. ఇద్దరు సర్కారు మనుషుల నడుమ బంతిలా తిరుగుతున్నాను అక్కా.

అయినా వదలను. హైదరాబాదుకు కాగితం పంపించాను. నేనే వెంటపడి తెస్తాను. అంతవరకు ఒక్క మాట వినండి. బావ మళ్లీ దర్వాజ జోలికి పోవద్దు. ఈసారి పట్టుకుంటే జైలే. నా బావ అని ఇప్పుడు ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. నా నౌకరి కూడా నిలబడదు. ఈ ఒక్క ఏడు ఆగండి. గంగ ప్రతి ఏడూ దర్వాజ దాకా రాదని నువ్వే ఒకసారి చెప్పావు కదా. లేదంటే వానలు పోయేదాకా అందరూ ఇక్కడికి వచ్చేయండి. నా గది చిన్నదే, సర్దుకుందాం.

బావకు నా మీద కోపం ఉంటే తిట్టమను. తిట్టి అయినా నా మాట వినమను.

కొండల్


గంగకోట,
5 ఆగస్టు 1958

తమ్మీ,

ఇన్నాళ్లు రాయకపోవడం కోపంతోనే. ఇప్పుడు కొంచెం తగ్గింది. నీ ఉత్తరం బావకు చదివి వినిపించాను. విని, "పిల్లగాడు గంత పరేషాన్ల ఉన్నడా? సరే, మాటిచ్చిన అని రాయి. నాకు వాని మీద కోపం లేదని గూడ రాయి" అన్నాడు. రాశాను. నాకు లేదని మాత్రం ఇంకా రాయలేను.

నిర్మల్‌కు రావడం కుదరదు. పడుగు మగ్గం మీద ఉంది. పెండ్లిండ్లకు దోవతులు ఇస్తామని మాటిచ్చాం. అత్త లేచి నడవలేకపోతోంది. బండి కుదుపుకు ఓర్చుకోలేదు.

వానలు బాగానే ఉన్నాయి. గంగ మెట్ల దాకా వచ్చి పోతోంది. మగ్గం గుంటలో కొంచెం చెమ్మ ఊరుతోందని బావ కాళ్ల కింద బూడిద పోసుకుంటున్నాడు. పొద్దున్నే లేచి దర్వాజ దాకా పోయి చూసి వస్తాడు. దేవదాస్ కూడా ఆయన వెంట నిలబడతాడు. పలకలకు నూనె రాసి మంచం కింద పెట్టాడు. పర్మిషన్ కాగితం ఊళ్లోకి వచ్చిన రోజే దించుతాడట.

కాగితం ఎక్కడిదాకా వచ్చిందో రాయి.

అక్క


నిర్మల్,
29 ఆగస్టు 1958

అక్కా, బావా,

వచ్చింది! హైదరాబాదు పోయి, కచేరీ మెట్ల మీద పడిగాపులు కాసి, సంతకం చేయించుకుని వచ్చాను. గంగ దర్వాజను ప్రతి వానకాలం పలకలతో, మన్నుతో మూసుకునే హక్కు గంగకోట వాసులది అని స్పష్టంగా ఉంది. వరద అన్న మాట కూడా ఉంది, ఈసారి నేను దాచలేదు. అసలు కాగితం పటేల్ పేరుకు తపాలాలో బయలుదేరింది. అది అందేదాకా ఆగనక్కరలేదు, ఈ ఉత్తరం చూడగానే పలకలు దించండి. ఎవరైనా అడిగితే ఇదే చూపించండి.

రెండు మూడు రోజులుగా ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. గోదావరి మీద నావలు ఆపేశారని, తపాలా ఆలస్యమవుతుందని అంటున్నారు. మీరంతా క్షేమమే అనుకుంటాను. నావలు తిరగగానే నేనే వస్తాను. అత్తకు కొన్న చిలుక ఇంకా నా పెట్టెలోనే ఉంది.

బావా, నా మాట నిలబెట్టావు. నీ రుణం తీర్చుకోలేను.

కొండల్


గంగకోట,
14 సెప్టెంబరు 1958

కొండల్‌కు,

నీ ఉత్తరమూ, సర్కారు కాగితమూ ఒక్క రోజే వచ్చాయి. నిన్న వచ్చాయి.

మీ బావ లేడు. నువ్వు ఉత్తరం రాసిన రోజే పోయాడు.

ఆ పొద్దున మేము ఇంట్లో కండెలకు నూలు చుడుతున్నాం. వాన సన్నగానే ఉంది. భూమన్న ఉరుక్కుంటూ వచ్చి గంగ గడప దగ్గరికి వచ్చిందని అరిచాడు. వాడ వాడంతా దర్వాజ దగ్గరికి పోయింది. దేవదాస్ తన చేత్తోనే ముళ్ల తీగ తెంపేశాడు. "సాబ్ ఏమన్న అననీ, మీరు పొయ్యుండ్రి, నేను చెప్పుకుంట" అన్నాడు. బావ మంచం కింది పలకలు తెచ్చాడు. తెచ్చి, పలక భుజాన పెట్టుకుని దర్వాజ ముందు నిలబడ్డాడు. దించలేదు. భూమన్న దించు దించు అని అరుస్తున్నాడు. అయినా కాసేపు అట్లాగే నిలబడ్డాడు. నీళ్లు గడప దాటాక దించాడు. వెనక మన్ను లేని పలక ఎంతసేపు ఆగుతుంది? ఒక వరుసే దిగింది. అది విరిగి, నీళ్లు ఆయనను ఎత్తుకుని వాడలోకి వచ్చాయి. తర్వాత తిరుగు నీళ్లు అదే దర్వాజలోంచి బయటికి లాక్కుపోయాయి. వరద తీసిన తర్వాత కింది ఊరి రేవులో దొరికాడు.

అత్తను భూమన్న, దేవదాస్ కలిసి మంచంతో సహా ఎత్తి పటేల్ ఇంటికి చేర్చారు. ఆమె బతికింది. సాలెవాడలో మగ్గాలన్నీ పోయాయి. గుంటల నిండా ఒండ్రు.

నువ్వు రాసిందే నిజమైంది. గోడ ఒక్క రాయి కదలలేదు. ఊళ్లోకి వచ్చిన నీళ్లన్నీ దర్వాజలోంచి వచ్చినవే.

ఇంకేమీ రాయలేను.

అనసూర్య


నిర్మల్,
12 అక్టోబరు 1958

అక్కా,

నెల మాసికానికి నేను వచ్చి పోయాను. నువ్వు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నేను గడప దగ్గర కూర్చుని, పొద్దు గూకాక లేచి వచ్చేశాను. నిన్ను తప్పుపట్టడం లేదు. నీ ముఖం చూడాలంటే నాకే భయం వేసింది.

వచ్చేటప్పుడు దర్వాజ దగ్గర నిలబడ్డాను. బావ ఎక్కడ నిలబడ్డాడో భూమన్న చూపించాడు. ఆ కాసేపు బావ ఎందుకు ఆగాడో నాకు తెలుసు అక్కా. నడిబజారులోంచి ఠాణాకు నడిపించాం. వేలిముద్ర వేయించుకున్నాం. అంత ధైర్యం ఉన్న మనిషిలో భయం పెట్టాం. వరద ఎదురుగా వస్తుంటే కూడా ఆయన ఆ ఠాణానే తలచుకుని ఉంటాడు. ఆ భయం పెట్టిన కాగితం మీద నా సంతకం ఉంది.

మొన్న సాబ్ మీ ఊరు వచ్చి చూసిపోయాడు. నివేదిక నాకిచ్చి సాపు ప్రతి రాయమన్నాడు. వరద వల్ల కట్టడానికి ఏ నష్టమూ జరగలేదు అని ఉంది. అబద్ధం కాదు. కానీ ఆ వాక్యం రాయడానికి నాకు చేయి రాలేదు. కలం పెట్టేసి, వేరే కాగితం తీసుకుని రాజీనామా రాసి ఇచ్చాను. సాబ్ దాన్ని ఇంకా పైకి పంపలేదు, నెలాఖరు దాకా ఆలోచించుకోమన్నాడు. ఆలోచించడానికేముంది? ఈ నౌకరి ముఖం ఇక చూడలేను.

మీ ఊరే వస్తాను. మగ్గం గుంట తవ్వి, నేత నేర్చుకుంటాను. మన తాతలు చేసిందే కదా. నిన్నూ అత్తనూ నేనే చూసుకుంటాను. నువ్వు మాట్లాడకపోయినా సరే, నీ వాకిట్లో పడి ఉంటాను.

కొండల్


గంగకోట,
24 అక్టోబరు 1958

కొండల్‌కు,

నెలాఖరు లోపల నీకు అందాలని ఈ ఉత్తరం మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. ఆ రోజు నేను లోపలి నుంచి రాకపోవడం కోపంతో కాదు. ఒక మాట నీకు చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. నీ ఉత్తరం చదివాక చెప్పక తప్పడం లేదు.

మీ బావ భయపడ్డాడని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఆయన ఠాణాకు భయపడలేదు. వేలిముద్ర వేసి వచ్చిన రోజే, "ఇంకోసారైనా పోస్త, జైలుల గూడ మగ్గం ఉంటదట" అని నవ్వాడు.

ఆ పొద్దున నేను ఆయన వెనకే ఉన్నాను. నా నెత్తిన మన్ను గంప ఉంది. భూమన్న దించమని అరుస్తుంటే మీ బావ నా వైపు తిరిగి, "ఆగవే. కాగితం లేకుంట గిప్పుడు మూస్తే కొండల్ నౌకరి పోతది. వానికి మాటిచ్చిన. గంగ గీడికెల్లి తగ్గుతదేమో, జర సూద్దాం" అన్నాడు. నేను ఆగాను. గంప దించలేదు, ముందుకూ పోలేదు. నా తమ్ముడి నౌకరి కదా అని నేనూ గంగ వైపే చూస్తూ నిలబడ్డాను. అది తగ్గుతుందేమోనని ఇద్దరం చూశాం. అది తగ్గలేదు.

ఇంత జరిగాక నీ మీద నాకు కోపం లేదని రాయలేను. ఉంది. నువ్వు పూజ అని రాయించకపోతే ఎట్లా ఉండేదోనని రోజూ అనుకుంటాను. మాకు మంచి చేయాలనే రాయించావని కూడా ఆ వెంటనే అనుకుంటాను. రెండూ అనుకుని ఏడుస్తాను. నువ్వు వచ్చి వాకిట్లో కూర్చుంటే నాకు దుఃఖం పెరుగుతుంది కానీ తగ్గదు. ఇక్కడ నేయడానికి మగ్గాలే లేవు, నువ్వు నేర్చుకునేదేముంది? మా వాడలోని కమలవ్వ వాళ్లు మగ్గం పని వెతుక్కుంటూ సిరిసిల్ల పోతున్నారు. నేను పోను. అత్త ఈ ఊరు దాటదు.

రాజీనామా వాపసు తీసుకో. ఎవరి కాళ్లు పట్టుకుంటావో పట్టుకో. ఆ నివేదిక నీ చేత్తోనే రాయి. దాని కింద మనిషి పోయాడని, మగ్గాలు పోయాయని కూడా రాయి. సాబ్ కొట్టేస్తే మళ్లీ రాయి. వచ్చే మిరుగానికి ముందే, పటేల్ అడగకముందే, దర్వాజ మూసుకునే హుకుం ఊరికి అందేటట్టు చూడు. ఆ ఆఫీసులో దర్వాజ దేనికో తెలిసినవాడు నువ్వొక్కడివే. నువ్వు కూడా లేచి వచ్చేస్తే ఆ కాగితాన్ని ఎవరు కదిలిస్తారు?

అత్తకు అప్పుడప్పుడు మతి తప్పుతోంది. కొడుకు పోయాడన్నది ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు. కానీ దర్వాజ దగ్గర ఆయన అన్న మాట ఎవరో చెప్పగా విని, అది మాత్రం మరిచిపోవడం లేదు. పొద్దున లేవగానే నన్ను పిలిచి, "కొండల్ నౌకరి నిలబడ్డదా బిడ్డా?" అని అడుగుతుంది.

నిలబడిందనే చెబుతున్నాను.

అనసూర్య